బడిలో చీపురు ఎవరి చేతిలో ఉంది?

ఆడపిల్లల చదువు గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా మన సంఘాలు రెండు లెక్కల చుట్టూనే తిరుగుతుంటాయి. ఎంతమంది బడిలో చేరారు? ఎంతమంది మధ్యలో మానేశారు? ఈ లెక్కలు అవసరమే. 1991 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదవటం, రాయటం వచ్చిన స్త్రీలు నూటికి 33 మంది కూడా లేరు. 2011 నాటికి ఆ సంఖ్య 59కి చేరింది. ఈ పెరుగుదల దానంతటదే రాలేదు. పిల్లల్ని పత్తి చేలల్లోంచి, జీతాల్లోంచి బయటికి తీసుకొచ్చిన కార్యకర్తలు, కూలి మానుకుని మీటింగులకొచ్చిన తల్లులు, కోర్టులకెక్కిన వాళ్లు అందరూ కలిస్తేనే వచ్చింది. 14 ఏళ్ల లోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కేనని 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో ప్రతివాది మన రాష్ట్రమే. ఆ తర్వాత 2002లో రాజ్యాంగ సవరణ జరిగింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఇంత పోరాటం చేసి పిల్లను బడి గడప దాటించాం. మరి గడప దాటిన తర్వాత? పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఆ నాలుగు గోడల మధ్య ఆ పిల్ల ఏం నేర్చుకుంటోంది? అక్షరాలతో పాటు ఇంకేం నేర్చుకుంటోంది? ఈ ప్రశ్నను మనం టీచర్లకూ, విద్యాశాఖకూ వదిలేశాం. అది ‘చదువు చెప్పేవాళ్ల సంగతి’ అనుకున్నాం. ఇది స్త్రీల హక్కుల సంగతి కూడా అని చెప్పటానికే ఈ వ్యాసం.

గత రెండేళ్లుగా మెదక్ ప్రాంతంలో నాలుగైదు ఊళ్ల ప్రాథమిక పాఠశాలలకు వెళ్లొస్తున్నాను. తనిఖీకి కాదు. టీచర్ల అనుమతితో వెనక వరసలో పిల్లల పక్కన కూర్చోవటానికి. ఏ బడి పేరూ ఇక్కడ రాయటం లేదు. ఎందుకంటే నేను చూసింది ఒక్క బడి తప్పు కాదు. ఏ ఊరి బడికి వెళ్లినా మీకూ ఇదే కనిపిస్తుంది.

ముందు పొద్దుటి సంగతి. ప్రార్థన బెల్లు కొట్టక ముందే నాలుగు, అయిదు తరగతుల ఆడపిల్లలు వచ్చేస్తారు. ఇద్దరు గదులు ఊడుస్తారు. ఒకరు వరండాలో నీళ్లు చల్లుతారు. ఒకరు టీచర్ బల్ల తుడిచి, తాగే నీళ్లు నింపి పెడతారు. మగపిల్లలూ పనిచేస్తారు. గంట కొడతారు, కుర్చీలు బయటికి మోస్తారు, చిన్న తరగతుల వాళ్లను వరసలో నిలబెడతారు. ఆగస్టు 15 వస్తే ఆడపిల్లలు ముగ్గులేస్తారు, మగపిల్లలు జెండా కర్ర పాతుతారు. ఎవరూ కూర్చుని ఈ పనులు పంచలేదు. ‘ఆడపిల్లలైతే మూలమూలా శుభ్రంగా ఊడుస్తారు మేడమ్, మగపిల్లలకు చేతకాదు’ అని ఒక టీచరమ్మ నాతో అన్నారు. అందులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. ఆమె ఇంట్లోనూ అదే జరుగుతుంది, మన ఇళ్లల్లోనూ అదే జరుగుతుంది. బడి ఇంటికి కొనసాగింపయిపోయింది.

ఇదంత పెద్ద విషయమా అని అడిగేవాళ్లుంటారు. లెక్క వేసి చూద్దాం. ప్రాథమిక తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. రోజుకు 20 నిమిషాలు ఊడవటానికీ, నీళ్లకూ పోతే 200 రోజులకు 4000 నిమిషాలు. అంటే 66 గంటల పైన. మొత్తం చదువు గంటల్లో పన్నెండో వంతుతో సమానమైన సమయం చీపురు కింద పోతోంది. అదీ ఆడపిల్లలకు మాత్రమే. ఆ వేళకు మగపిల్లలు బడి ముందు ఆడుకుంటుంటారు. ఆట కూడా పిల్లల హక్కే కదా.

‘పని నేర్చుకుంటే తప్పేముంది? శ్రమను గౌరవించటం పిల్లలకు తెలియొద్దా?’ అని ఒక ప్రధానోపాధ్యాయుడు వాదించారు. నిజమే, తెలియాలి. అయితే ఆ గౌరవం ఆడపిల్లలకు మాత్రమే ఎందుకు నేర్పుతున్నారు? అందరూ వంతులవారీగా ఊడిస్తే అది శ్రమ గౌరవం. ఒకరు రోజూ ఊడ్చి, ఇంకొకరు రోజూ ఆజమాయిషీ చేస్తే అది శ్రమ విభజన. ఆ విభజన ఆడ, మగ దగ్గరే ఆగదు. వరండా ఎవరు ఊడుస్తారు, మరుగుదొడ్డి కడగమని ఎవరిని పిలుస్తారు, తాగే నీళ్ల బిందె ఎవరు ముట్టుకుంటారు అన్న మూడు ప్రశ్నలూ వేరు వేరుగా అడిగి చూడండి. కొన్ని చోట్ల జవాబులో కులం కూడా బయటపడుతుంది. బలహీనవర్గాల పిల్లలపై ఏ రకమైన వివక్షా జరగకుండా చూడటం ప్రభుత్వం, స్థానిక సంస్థల బాధ్యతని చట్టంలోని 8, 9 సెక్షన్లు స్పష్టంగా చెబుతున్నాయి.

ఇక పాఠం జరిగే వేళ. ఒక పీరియడంతా నేను కాగితం మీద గీతలు గీస్తూ కూర్చున్నాను. టీచర్ ఎవరిని పేరుతో పిలిచారు, ఎవరు జవాబు చెప్పారు, నల్లబల్ల దగ్గరికి ఎవరు వెళ్లారు. పీరియడ్ అయ్యేసరికి గీతలన్నీ మగపిల్లల వైపే నిండాయి. ఆడపిల్లలకు జవాబులు రాక కాదు. నా పక్కనున్న మూడో తరగతి పాప ప్రతి లెక్కకూ జవాబు పలకమీద రాసి, చేత్తో కప్పేసుకుంటోంది. ఎందుకు చెప్పవని అడిగితే ‘టీచర్ అడగలే’ అంది. మగపిల్లలు అడగకపోయినా అరిచి చెబుతారు. అది తెలివి అనిపించుకుంటుంది. ఆడపిల్ల అరిచి చెబితే అది నోరు అనిపించుకుంటుంది. ప్రోగ్రెస్ కార్డులో ఆడపిల్లకొచ్చే పెద్ద మెచ్చుకోలు ‘నెమ్మదస్తురాలు’. నోరెత్తకపోవటమే మంచితనమని ఎనిమిదేళ్లకే నేర్పేసి, ఇరవై ఏళ్ల తర్వాత అదే పిల్ల గ్రామసభలో ఎందుకు మాట్లాడదని మనం శిక్షణా తరగతులు పెడుతున్నాం.

నోరు మూయించటానికి ఇంకో సాధనం భాష. తండా నుంచి వచ్చిన పిల్ల ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది. ఊళ్లో తెలుగు కొంత, బడి తెలుగు ఇంకొంత. ‘నాకు యాదికి లేదు’ అంటే ‘గుర్తు లేదు అను’ అని టీచర్ సరిదిద్దుతారు. చెప్పబోయిన విషయం పక్కకు పోయి, మాట తప్పయిందన్న సిగ్గు మిగులుతుంది. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి చెయ్యెత్తదు. ఉమ్మడి రాష్ట్రంలో ఒకప్పుడు గోండి, కోయ, సవర, బంజారా వంటి గిరిజన భాషల్లో మొదటి తరగతుల వాచకాలు తయారు చేశారు. ఇంటి మాటతో మొదలుపెడితే పిల్లలు త్వరగా చదువు అందుకుంటారన్న అవగాహనతోనే ఆ పని జరిగింది. ఆ అవగాహన ప్రతి తరగతి గదికీ చేరలేదు.

మగపిల్లల గురించి కూడా చెప్పుకోవాలి. తిట్లు, దెబ్బలు ఎక్కువ వాళ్లకే. ఏడిస్తే ‘ఆడపిల్లలా ఏడుస్తావేంరా’ అంటారు. ఆ ఒక్క మాటలో రెండు పాఠాలున్నాయి. మగవాడు ఏడవకూడదు, ఆడపిల్లలా ఉండటం అవమానం. చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టటాన్నీ, మానసికంగా వేధించటాన్నీ నిషేధించింది. దెబ్బలు తగ్గిన చోట కూడా ఈ మాటలు తగ్గలేదు. రేపు ఇళ్లల్లో చెయ్యెత్తే మగవాళ్ల గురించి మనం ఇన్ని కేసులు చూస్తున్నాం కదా, ఆ చెయ్యి ఎక్కడెక్కడ తయారవుతోందో కూడా చూడాలి.

కృత్యాల ద్వారా బోధన వస్తే ఇవన్నీ పోతాయని ఒక ఆశ ఉండేది. మన రాష్ట్రానికి ఆ విషయంలో మంచి చరిత్రే ఉంది. 1980లలో బ్రిటిష్ సహాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి, చేసి నేర్చుకునే పద్ధతిని టీచర్లకు పరిచయం చేసింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు ఊరి బడుల కోసం తయారు చేసిన కార్డులు, అభ్యసన నిచ్చెనల పద్ధతి దేశంలో చాలా చోట్లకు వెళ్లింది. 2003 తర్వాత చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలై తమిళనాడంతా పాకిన కృత్యాధార బోధనకు ప్రేరణ అక్కడిదే. పిల్ల తన వేగంతో తాను నేర్చుకోవటం, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు సాయపడటం గొప్ప విషయాలే.

కానీ కృత్యం దానంతటదే సమానత్వాన్ని తేదు. నేను చూసిన ‘సంత’ ఆట చెబుతాను. కూరగాయలు, కాగితం డబ్బులు, తక్కెడ అన్నీ ఉన్నాయి. మగపిల్లలు వ్యాపారులు, ఆడపిల్లలు కొనటానికొచ్చిన అమ్మలు. తూచేది వాళ్లు, చిల్లర లెక్క కట్టేది వాళ్లు. వీళ్లు సంచి పట్టుకుని నిలబడ్డారు. నిజానికి మన ఊళ్ల సంతల్లో కూరగాయలమ్మే వాళ్లలో ఎంతమంది ఆడవాళ్లో మనందరికీ తెలుసు. పిల్లల తల్లులే తలమీద గంపలు పెట్టుకుని పోతారు. బడిలోకొచ్చేసరికి వాళ్ల చేతుల్లోంచి తక్కెడ మాయమైపోయింది! ఇంకోచోట బడి ఆవరణ కొలిచే పాఠం. టేపు మగపిల్లలు పట్టుకున్నారు. ‘నీ రాత ముత్యాల్లా ఉంటుంది, నువ్వు రాయి’ అని కొలతలు రాసే పని ఒక ఆడపిల్లకిచ్చారు. ఆ పిల్ల పుస్తకం చాలా అందంగా ఉంది. కానీ మీటరంటే ఎంతో చేతులు చాచి చూపించమంటే చూపించలేకపోయింది.

అదే కృత్యాన్ని ఆలోచించి చేస్తే ఏమవుతుందో కూడా చూశాను. ఒక టీచరమ్మ మూడో తరగతి ‘మన కుటుంబం’ పాఠానికి చిన్న పని ఇచ్చారు. ఇంట్లో పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఎవరు ఏ పని చేస్తారో రాసుకు రండి అని. మర్నాడు నల్లబల్ల మీద అమ్మ, నాన్న, అక్క, అన్న, నానమ్మ అని గళ్లు గీసి, ఒక్కో పనికి ఒక్కో చింతగింజ పెట్టించారు. అమ్మ గడిలో గింజలు కుప్ప అయ్యాయి. ‘మా అమ్మ ఏం పని చేయదు, ఇంట్లోనే ఉంటది’ అని ముందు రోజు చెప్పిన పిల్లవాడు గింజలు లెక్కపెట్టలేక మధ్యలో తప్పిపోయి మళ్లీ మొదలుపెట్టాడు. లెక్కింపు, కూడిక, పోల్చి చూడటం, పట్టిక తయారు చేయటం అన్నీ ఆ ఒక్క గంటలో అయిపోయాయి. పాఠ్యాంశం ఏదీ తగ్గలేదు.

పిల్లలు పెట్టిన ఆ చింతగింజలనే జాతీయ గణాంక కార్యాలయం 2019లో నిమిషాల్లో లెక్కపెట్టింది. ఇంటిపని చేసే స్త్రీలు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. ఆ మగవాళ్లయినా నూటికి 26 మందే. తక్కినవాళ్లు ఆ రోజున ఇంటిపనే ముట్టుకోలేదు. ఆ సర్వేలో ఆరేళ్లు నిండిన వాళ్లందరినీ లెక్కలోకి తీసుకున్నారు. అంటే ఒకటో తరగతి పిల్లల వయసు నుంచే.

ఆ కృత్యం తర్వాత ఇద్దరు తండ్రులు బడికొచ్చి ‘పిల్లలకు చదువు చెప్పండి, ఇంట్లో కొట్లాటలు పెట్టొద్దు’ అన్నారు. టీచరమ్మ భయపడ్డారు. బదిలీ మీద ఏడాది క్రితమే ఆ ఊరికొచ్చారామె. అప్పుడు ఆమె పక్కన ఎవరు నిలబడాలి? ఊళ్లో మహిళా సంఘం ఉంది. కానీ ఆ సంఘానికి బడిలో ఏం జరిగిందో తెలియదు. ‘మా పిల్ల బడిల ఏం జేస్తదో మాకేమెరుక అక్కా’ అన్నారు వాళ్లు. మనం లేకపోతే మంచి టీచర్ ఒంటరి అయిపోతుంది. రెండోసారి ఆ పాఠం చెప్పటానికి వెనకాడుతుంది.

టీచర్ల పరిస్థితిని వదిలేసి వాళ్లను తప్పుపట్టటం అన్యాయం. 60 మంది దాకా పిల్లలుంటే కనీసం ఇద్దరు టీచర్లుండాలని చట్టం. ఒకే టీచర్ అయిదు తరగతులనూ ఒక గదిలో కూర్చోబెట్టుకునే బడులు ఇప్పటికీ ఉన్నాయి. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర పనులకు టీచర్లను వాడకూడదని 27వ సెక్షన్ చెబుతుంటే, పాఠం మధ్యలో ఫోన్‌లో ఫొటోలు ఎక్కించే పని, రకరకాల లెక్కలు పంపే పని ఆగటం లేదు. ఇంత ఒత్తిడిలో అలవాటైన దారే సులువు. నెమ్మదస్తురాలికి చీపురు, గడుగ్గాయికి గంట.

బడిలో ఇంకో స్త్రీ ఉంది. ఆమెను పిల్లలు రోజూ చూస్తారు. 2001 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం వల్ల వండిన మధ్యాహ్న భోజనం పిల్లల హక్కయింది. 2003లో మన రాష్ట్రంలో అమలయింది. దళితులకు వంటపనిలో ప్రాధాన్యమివ్వాలని 2004లో కోర్టు మళ్లీ చెప్పింది. పొయ్యి దగ్గర పొగలో నిలబడి అంతమందికి వండే ఆ అక్కకు 2009లో కేంద్రం నిర్ణయించింది నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదికి 10 నెలలకే. దాన్ని జీతం అనలేదు, గౌరవ వేతనమన్నారు. ఆ తర్వాత రాష్ట్రాలు కొంత కలిపాయి గానీ ఆ పేరు మారలేదు. ‘స్త్రీలను గౌరవించాలి’ అని గోడమీద రాసి ఉంటుంది. ఆ గోడ పక్కనే గౌరవం పేరుతో జీతం ఎగ్గొట్టటం పిల్లలు చూస్తారు. గోడ చెప్పేదానికన్నా పొయ్యి చెప్పే పాఠమే పిల్లలకు బాగా ఎక్కుతుంది.

పాఠానికి అంత శక్తి ఉందా అని సందేహపడే వాళ్లకు మన చరిత్రే జవాబు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం స్త్రీల చేతికిచ్చిన వాచకంలో సారా వల్ల నాశనమైన సంసారం కథ ఉంది. రాత్రిపూట లాంతరు చుట్టూ కూర్చున్న స్త్రీలు ఆ పాఠంలో తమను తాము చూసుకున్నారు. దూబగుంట స్త్రీలు సారా కొట్టు మూయించారు. అక్కణ్ణుంచి రాజుకున్న ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం తెచ్చింది. బతుకును ప్రశ్నించటం నేర్పే పాఠం ఏం చేయగలదో మనకన్నా బాగా ఎవరికి తెలుసు? పెద్దవాళ్లకు పనికొచ్చింది పిల్లలకెందుకు పనికిరాదు? 2024లో కేరళ మూడో తరగతి పుస్తకంలో తండ్రి వంటింట్లో కొబ్బరి తురుముతున్న బొమ్మ వేశారు. మంచిదే. కానీ ఆ బొమ్మ ఉన్న పేజీ తెరిచి ఉండగా ‘అమ్మాయ్, బల్ల తుడువు’ అంటే పిల్లలు ఏది నమ్ముతారు?

మరి మనం చేయాల్సిందేమిటి? బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులుండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలుండాలి అని చట్టంలో ఉంది. చాలా చోట్ల ఆ స్త్రీలు సంతకాలకే పరిమితం. 2024లో తెలంగాణ ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి, గ్రామ సమాఖ్య అధ్యక్షురాళ్లకు బడి మరమ్మతుల బాధ్యత అప్పగించింది. కుళాయి, కరెంటు, మరుగుదొడ్డి పనులు ఆడవాళ్ల చేతుల్లోకొచ్చాయి. సంతోషమే. అయితే బడిని కూడా ఇల్లులాగే సర్దిపెట్టే పని ఆడవాళ్లకిచ్చి, లోపల జరిగే చదువు గురించి అడిగే హక్కు ఇవ్వకపోతే అది పాత పంపకమే. గోడకు సున్నం వేయించిన తల్లి ఆ గోడ లోపలికొచ్చి కూర్చోగలగాలి.

నెలకు ఒకరోజు ఇద్దరు తల్లులు టీచర్‌తో ముందే మాట్లాడుకుని తరగతిలో కూర్చోవాలి. తప్పులు పట్టటానికి కాదు, చూడటానికి. ఎవరు ఊడ్చారు? ఎవరు జవాబు చెప్పారు? కృత్యంలో తక్కెడ, టేపు, సుద్దముక్క ఎవరి చేతిలో ఉన్నాయి? ఆటస్థలంలో నడుమ ఎవరు ఆడుతున్నారు, అంచున ఎవరు నిలబడ్డారు? మరుగుదొడ్డిలో నీళ్లు లేక ఏ ఆడపిల్ల పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా కూర్చుంది? ఈ అయిదు ప్రశ్నలకు చదువు రాని తల్లి కూడా జవాబు చెప్పగలదు. ఆ జవాబులు కమిటీ మీటింగులో మాట్లాడాలి, రిజిస్టర్‌లో రాయించాలి.

ఊడ్చే పనికి వంతుల పట్టీ గోడమీద పెట్టమని అడగటానికి ఒక్క రూపాయి ఖర్చు కాదు. బడుల పారిశుధ్యానికి ప్రభుత్వం ప్రకటించిన నిధులు మన ఊరికి వచ్చాయా, పనిచేసే మనిషికి చేరాయా అని అడగటం కమిటీ హక్కు. వామనగుంటలు, అచ్చనగాయలు వంటి ఆటల్లో లెక్కింపు, పంపకం ఎంత ఉందో తల్లులు టీచర్‌కు చూపించవచ్చు. ఆడపిల్లల ఆటలు గణితంలోకి రావటం చిన్న విషయం కాదు. టీచర్ల కొరత మీద, వంట చేసే అక్కల జీతం మీద మనం టీచర్లతో కలిసి కొట్లాడాలి. అప్పుడే తరగతి గది గురించి మనం అడిగే ప్రశ్నను వాళ్లు నింద అనుకోరు.

1993లో మన రాష్ట్రంలో మొదలైన మహిళా సమత ఆడపిల్లల చదువునూ స్త్రీల సంఘాలనూ ఒకే పనిగా చూసింది. ఆ కార్యక్రమానికి కేంద్రం నిధులు ఆపేసింది. ఆ ఆలోచనను ఆపే అధికారం మాత్రం ఎవరికీ లేదు. పలక మీద రాసిన జవాబును చేత్తో కప్పేసుకునే పిల్లలు ప్రతి ఊరి బడిలోనూ ఉన్నారు. వాళ్లకు జవాబు తెలుసు. ఆ చెయ్యి తీయించే పని టీచర్ ఒక్కరిదే కాదు, మన సంఘాలది కూడా. వచ్చే నెల మీ ఊరి కమిటీ మీటింగు ఏ తేదీనో ముందు కనుక్కోండి.